నేర్పు పెరిగే చోటే సార్థకత: నంద్యాల సీమ యువతకు పని దారులు

నంద్యాల జిల్లాలోని గోస్పాడు వంటి మండలంలో పదో తరగతో ఇంటర్మీడియటో పూర్తిచేసిన యువతీయువకుల ముందు నేడున్న దారులు వారి తల్లిదండ్రుల కాలంలో ఉన్నవాటికంటే చాలా ఎక్కువ. అయినా ఏ దారి పట్టాలన్న నిర్ణయం చాలా ఇళ్లలో జీతం ఎంత, ఉద్యోగం పర్మినెంటా కాదా, నలుగురిలో పేరుంటుందా అనే మూడు లెక్కలతోనే ముగిసిపోతుంది. ఈ మూడింటినీ చిన్నచూపు చూడడానికి వీల్లేదు. వర్షం మీద, అప్పు మీద ఆధారపడి బతికిన కుటుంబానికి నెలనెలా వచ్చే జీతం ఎంత ధైర్యమో ఆ కుటుంబానికే తెలుసు. కానీ ఇరవై రెండేళ్లకు మొదలైన పని అరవై ఏళ్ల దాకా సాగుతుంది గనుక, ఆ పని చేసేవారిలో ఏ నేర్పు పెంచుతుంది, ఆ నేర్పు ఎవరి అవసరం తీరుస్తుంది అనే లెక్కలు కూడా వేసుకోకపోతే, జీతం చేతికి వస్తున్నా పని మీద మనసు విరిగిపోయే ప్రమాదం ఉంది. సార్థకమైన పని అనేది మొదటి రోజే దొరికే వస్తువు కాదని, నేర్పు పెరిగి అది పరులకు ఉపయోగపడుతున్న కొద్దీ రూపుదిద్దుకునేదని చూపే ఉదాహరణలు ఈ సీమలోనే ఉన్నాయి.

పని పట్ల మనుషులకు ఉండే దృష్టిని మనస్తత్వ శాస్త్రవేత్తలు మూడు రకాలుగా గుర్తించారు. అమెరికాకు చెందిన ఎయిమీ రెజ్నెస్కీ, ఆమె సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కొందరు పనిని జీవనాధారంగానే చూస్తారు, వారికి అసలు జీవితం పని గంటలు ముగిశాక మొదలవుతుంది. కొందరు దాన్ని పై మెట్టు ఎక్కించే నిచ్చెనగా చూస్తారు, వారికి పదోన్నతి, హోదా ముఖ్యం. మరికొందరికి పని తమ వ్యక్తిత్వంలో భాగం, దాన్ని దాని కోసమే చేస్తారు. ఒకే రకం కార్యాలయ సహాయక ఉద్యోగంలో ఉన్నవారిని పరిశీలించినప్పుడు వారిలోనూ ఈ మూడు దృష్టులూ దాదాపు సమానంగా కనిపించడం ఈ అధ్యయనంలో గమనించదగిన అంశం. రెజ్నెస్కీ, జేన్ డటన్ కలిసి 2001లో వెలువరించిన మరో రచనలో ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బంది ప్రస్తావన ఉంది: వారిలో కొందరు తమ పనిని నేల తుడవడంగానే భావిస్తే, మరికొందరు రోగి కోలుకోవడంలో తమకూ పాత్ర ఉందని భావించి, రోగులతో మాట్లాడడం, నర్సులకు సాయపడడం వంటివి తమంతట తామే పనిలో కలుపుకొన్నారు. మనసు సర్దుకుంటే ఎంత తక్కువ కూలికైనా ఏ పనైనా సార్థకమే అని దీని అర్థం కాదు. ఉద్యోగం పేరును బట్టి అందులోని సార్థకతను తేల్చలేమని మాత్రమే అర్థం.

కాలువ నేర్పే రెండు పాఠాలు

విజయాన్ని ఎవరు, ఎప్పుడు కొలవాలన్న ప్రశ్నకు గోస్పాడు పరిసరాల పొలాలను తడిపే కర్నూలు–కడప కాలువ చరిత్ర మంచి జవాబు ఇస్తుంది. జనం నోట కె.సి. కెనాల్‌గా పలికే ఈ కాలువను తవ్వించింది 1858లో ఇంగ్లండులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. ఆ కంపెనీ సేకరించే పది లక్షల పౌన్ల మూలధనంపై ఏటా ఐదు శాతం రాబడికి ప్రభుత్వమే పూచీ ఇచ్చింది. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువను 1863–1870 మధ్య తవ్వి, సాగునీటితో పాటు పడవల రవాణా ద్వారా కూడా ఆదాయం వస్తుందని కంపెనీ ఆశించింది. పడవల ఆదాయం అంచనాకు చేరలేదు. వర్షాధారంగా జొన్న, పత్తి పండించుకునే నల్లరేగడి రైతులు డబ్బు కట్టి నీరు తీసుకోవడానికి మొదట్లో ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వం కాలువను తన అధీనంలోకి తీసుకుంది.

వాటాదారుల ఖాతా పుస్తకం ప్రకారం చూస్తే అది విఫలమైన వ్యాపారం. అదే కాలువ నేడు రెండు లక్షల అరవై ఐదు వేల ఎకరాల ఆయకట్టుకు, అంటే దాని కింద సాగయ్యే భూమికి, ఆధారమై నంద్యాల సోనా బియ్యానికి పేరు తెచ్చింది. తొలి పదేళ్ల రాబడిని బట్టి ఒక పని విలువను తేల్చడం తొందరపాటే అవుతుందన్నది ఇందులోని మొదటి పాఠం. రెండో పాఠం అంతకంటే చేదైనది: ఉద్దేశం ఎంత గొప్పదైనా, ఆ పని ఎవరి కోసమో వారి అవసరాన్ని, స్తోమతను ముందుగా కనుక్కోకుండా మొదలుపెట్టినవారు నష్టపోక తప్పదు. పల్లెలో సొంతంగా ఏదైనా యూనిట్ పెట్టాలనుకునే యువకుడికి, డెయిరీ అయినా డ్రోన్ స్ప్రేయింగ్ అయినా, ఈ రెండో పాఠమే ముందు పనికొస్తుంది.

ఒక శనగ వంగడం వెనుక

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో నెలకొన్నది. ప్రస్తుతం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తున్నది. ఇక్కడ జరిగిన శనగ పరిశోధనను దగ్గరగా చూస్తే, బయటికి కనిపించని ఉద్యోగంలో సార్థకత ఎలా పోగవుతుందో తెలుస్తుంది. రబీలో నల్లరేగడి నేలలో మిగిలిన తేమ మీదనే పండే శనగ, 1990ల దాకా రాష్ట్రంలో పెద్ద పంట కాదు. అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి అభివృద్ధిచేయగా 1999లో విడుదలైన జె.జి. 11 అనే రకం, తక్కువ రోజుల్లో కోతకు రావడం, ఎండు తెగులును తట్టుకోవడం వల్ల పాత అన్నిగేరి రకం స్థానాన్ని ఆక్రమించింది. కర్నూలు, ప్రకాశం, అనంతపురం, కడప జిల్లాల్లో శనగ సాగు కొన్ని రెట్లు పెరిగింది.

విస్తీర్ణం పెరగడంతో కొత్త చిక్కు వచ్చింది. కోతలన్నీ ఒకేసారి రావడంతో కూలీల కొరత ఏర్పడింది. వరికోత యంత్రాన్ని శనగ చేలో దించితే చాలా కాయ నేల మీదే మిగిలిపోయేది; ఎందుకంటే మామూలు శనగ మొక్క పొట్టిగా, పక్కలకు పరుచుకుని పెరుగుతుంది, అడుగు కాయలు కత్తికి అందనంత కిందికి ఉంటాయి. పైగా శనగ ఆకుల మీద ఊరే పులుపు, అంటే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు, చేత్తో పీకే ఆడకూలీల అరచేతులను మండించేది. నంద్యాల శాస్త్రవేత్తలు ఈ సమస్యను మొక్క ఆకృతి సమస్యగా అర్థం చేసుకున్నారు: మొక్క నిటారుగా ఎదగాలి, మొదటి కాయ నేలకు జానెడు ఎత్తులో పట్టాలి, దిగుబడి మాత్రం తగ్గకూడదు. ఈ లక్షణాలున్న ఎన్.బి.ఇ.జి. 47 రకాన్ని వి. జయలక్ష్మి తదితరుల బృందం ఇక్రిశాట్ సహకారంతో రూపొందించింది. 2010వ దశకంలో రైతుల చేతికి వచ్చిన ఈ రకాన్ని ‘ధీర’ అనే పేరుతోనూ పిలుస్తారు. మనుషులు రోజుల తరబడి చేసే కోత, నూర్పిడి కంబైన్ హార్వెస్టర్‌తో గంటల్లో ముగియడం దీనితో సాధ్యమైంది.

ఇలాంటి ఉద్యోగంలో కాలం ఎలా నడుస్తుందో యువత తెలుసుకోవాలి. రెండు రకాలను సంకరం చేసిన తరువాత వచ్చే సంతతి స్థిరపడడానికి ఆరేడు తరాలు ఎంపిక చేస్తూ పోవాలి. శనగ ఇక్కడ ఏడాదికి ఒకే పంట గనుక చేలో ఏడాదికి ఒక తరమే చేతికి వస్తుంది. ఆపైన పరిశోధన స్థానంలో దిగుబడి పరీక్షలు, వేర్వేరు జిల్లాల్లో పరీక్షలు, చివరకు రైతుల పొలాల్లో మినీకిట్ పరీక్షలు, అంటే చిన్న సంచుల్లో విత్తనమిచ్చి రైతు చేతనే సాగు చేయించి చూడడం. మొత్తం మీద పదేళ్లకు పైబడే ఈ క్రమంలో, విత్తనాలు లెక్కపెట్టే సహాయకుడి నుంచి ప్రధాన శాస్త్రవేత్త దాకా ఎవరి పొరపాటైనా ఏళ్ల శ్రమను వెనక్కి లాగుతుంది. అందరికీ తెలిసిన సాంబ మసూరి కథ కూడా ఇలాంటిదే: బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 రుచిలో సాటిలేనిదైనా బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు లొంగిపోయేది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి తెచ్చి మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేశారు. ప్రయోగశాలలో డి.ఎన్.ఏ. చదివే చదువుకూ కె.సి. కెనాల్ కింది వరి మడికీ మధ్య దూరం కనిపించినంత ఎక్కువ కాదని ఇది రుజువు చేస్తుంది.

అయితే ఉపయోగం అనేది అందరికీ ఒకేలా ఉండదు. కోతయంత్రం రైతు ఖర్చు తగ్గించిన చోటే శనగ పీకే కూలి రోజులూ తగ్గాయి; ఆ రోజులు ఎక్కువగా ఆడవాళ్లవి. తన పని వల్ల ఎవరికి మేలు కలుగుతోంది, ఎవరి ఉపాధి పోతోంది, పోయినవారికి వేరే దారి ఏది అని అడగడం కూడా సార్థకమైన పనిలో భాగమే. ఆ కూలీల కూతుళ్లు ఇప్పుడు చదువుతున్న పాలిటెక్నిక్, నర్సింగ్, డిగ్రీ కోర్సులు ఉద్యోగం దాకా చేరడం ఈ సీమకు అందుకే అంత ముఖ్యం. హాస్టలు దూరమని, పెళ్లీడు వచ్చిందని వారి చదువు మధ్యలో ఆపితే యంత్రం మిగిల్చిన నష్టం రెట్టింపవుతుంది.

ఆళ్లగడ్డ ఉలి

నేర్పు విషయానికి వస్తే ఆళ్లగడ్డ శిల్పుల కంటే దగ్గరి ఉదాహరణ లేదు. తరతరాలుగా విగ్రహాలు చెక్కుతున్న ఈ ఊరి శిల్పశాలల నుంచి కృష్ణశిల మూర్తులు ఆంధ్ర, తెలంగాణ గుళ్లకే కాక విదేశాల్లోని తెలుగువారి ఆలయాలకు కూడా వెళ్తున్నాయి. ఇక్కడ చేరిన కుర్రవాడు మొదట విగ్రహం జోలికి పోడు. రాయి చదును చేయడం, మొద్దుబారిన ఉలిని కొలిమిలో కాల్చి పదును పెట్టడం, పెద్దలు గీసిన గీత దాకా మోటుగా చెక్కి ఆపడం నేర్చుకుంటాడు. రాయిని సుత్తితో తట్టి దాని నాదాన్ని బట్టి లోపల పగులుందో లేదో చెప్పగలగడం మరికొన్నేళ్ల విద్య.

ఆపైన కొలతలు. శిల్పశాస్త్రంలో తాళం అంటే మూర్తి ముఖం పొడవు. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కొక్కటి అంగుళం. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, ఆ మూర్తి పరిమాణాన్ని బట్టి మారే ప్రమాణం. నవతాళ మూర్తికి 108 అంగుళాలు, విష్ణువు వంటి ప్రధాన దేవతలకు చెప్పిన ఉత్తమ దశతాళానికి 124 అంగుళాలు. నుదురు, ముక్కు, గడ్డం, మెడ, నాభి, మోకాలు ఎక్కడెక్కడ రావాలో ఈ లెక్కే నిర్ణయిస్తుంది. ఇంత కట్టుదిట్టమైన కొలతల మధ్య శిల్పికి స్వేచ్ఛ ఎక్కడిదని అనిపించవచ్చు. పెదవి వంపులో, వస్త్రం మడతలో, చూపులో ఆ స్వేచ్ఛ ఉంటుంది. అది కొలతలు చేతికి అలవాటైన తరువాతే అందుతుంది. ఇష్టం ముందు పుట్టి నేర్పు తరువాత వస్తుందని యువత అనుకోవడం సహజం. ఇలాంటి విద్యల్లో చాలాసార్లు నేర్పు వచ్చిన కొద్దీ ఇష్టం ముదురుతుంది.

ఇప్పుడు కటింగ్ మిషన్లు, గ్రైండర్లు రావడంతో పని వేగం పెరిగింది, దానితో రాతి దుమ్ము కూడా పెరిగింది. సన్నని సిలికా ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. నీళ్లు చల్లుతూ కోయడం, సరైన మాస్కు వాడడం పని నేర్చుకోవడంలో మొదటి పాఠం కావాలి. కుటుంబ సంప్రదాయం లేనివారికి ఈ విద్య చదువు రూపంలో కావాలంటే, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్పశిక్షణ సంస్థ పదో తరగతి పాసైనవారికి శిల్పం, ఆలయ నిర్మాణం వంటి విభాగాల్లో డిప్లొమా ఇస్తున్నది.

పనిని తూచే ఐదు లక్షణాలు

ఈ ఉదాహరణల్లో కనిపించేదాన్ని అమెరికన్ పరిశోధకులు రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ 1970లలో ఒక సిద్ధాంతంగా చెప్పారు. వారి ప్రకారం పని చేసేవారికి తృప్తినిచ్చే లక్షణాలు ఐదు: రకరకాల నేర్పులు వాడే అవకాశం, పనిని మొదటి నుంచి చివరి దాకా ఒక పూర్తి రూపంగా చూడగలగడం, ఆ పని ఇతరుల జీవితాలపై చూపే ప్రభావం, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ, ఎలా చేస్తున్నామో పని ద్వారానే తెలిసిరావడం. శిల్పికి ఈ ఐదూ దండిగా ఉన్నాయి. వంగడాల శాస్త్రవేత్తకు ప్రభావం గొప్పది, ఫలితం తెలిసేది మాత్రం ఏళ్ల తరువాత. బెంగళూరులో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో చిన్న ముక్క మాత్రమే చేసే ఇంజనీరుకు జీతం, నేర్పు ఉన్నా, ఆ ముక్క చివరికి ఎవరికి ఏం చేసిందో కనిపించకపోవచ్చు. అటువంటివారు ఉద్యోగం మానేయనక్కర్లేదు, తమ ప్రోగ్రాము వాడేవారిని కలిసే అవకాశం, మొత్తం పని అర్థమయ్యే బాధ్యత అడిగి తీసుకోవడం మేలు.

గోస్పాడు నుంచి తెరిచి ఉన్న తలుపులు

ఈ కొలబద్దతో చూసినప్పుడు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చదువుకు, పనికి ఉన్న దారులు తక్కువేమీ కావు. బైపీసీ విద్యార్థికి ఈఏపీసెట్ ద్వారా వ్యవసాయ డిగ్రీ ఉంది. 1991లో మొదలైన మహానంది వ్యవసాయ కళాశాల ఈ జిల్లాలోనే ఉంది. పదో తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి అదే డిగ్రీలోకి రావచ్చు. ఇంజనీరింగు వైపు మొగ్గేవారు పాలిసెట్ ద్వారా నంద్యాల ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంట్లో ఖర్చుకు వెసులుబాటు లేని విద్యార్థికి ఇది ఇంటర్, బీటెక్ దారి కంటే భద్రమైనది, ఎందుకంటే మధ్యలో ఆగినా చేతిలో ఒక విద్య మిగులుతుంది.

ఐటీఐని మాత్రం చదువు రానివారి చోటుగా చూసే అలవాటు ఇంకా పోలేదు. బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు సిమెంటు కర్మాగారాలు, గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వంటివి నడవాలంటే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ కావాలి. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం పరిశ్రమలో పని నేర్చుకునేవారికి స్టైపెండ్ ఇవ్వడం తప్పనిసరి. 2023లో ప్రారంభమైన నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ఎంబీబీఎస్ చదివేవారికే సంబంధించిన విషయం కాదు. అటువంటి ఆసుపత్రికి నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, అనస్థీషియా సహాయకులు కూడా అవసరం.

ప్రభుత్వోద్యోగం మీది మక్కువను కూడా అంకెలతో చూడాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మూడు లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. అంటే సుమారు ఇరవై మందిలో ఒక్కరికే ఉద్యోగం. మిగతా పందొమ్మిది మంది తెలివి తక్కువవారు కారు, పోస్టులు లేవంతే. కాబట్టి పోటీ పరీక్షకు కూర్చునేవారు ఎన్ని నోటిఫికేషన్ల దాకా ప్రయత్నించాలో ముందే ఇంట్లో మాట్లాడుకుని గడువు పెట్టుకోవాలి, ఆ కాలంలోనే ట్యూషన్ చెప్పడమో, కంప్యూటర్ నేర్వడమో, పొలం లెక్కలు చూడడమో ఏదో ఒక నేర్పు పక్కన పెంచుకోవాలి. దొడ్డిదారిన పోస్టు ఇప్పిస్తామంటూ డబ్బు అడిగేవారి మాట నమ్మి పొలం కుదువపెట్టడం ఎంత మాత్రం తగదు.

ఏ దారి ఎంచుకోవాలో తేలనప్పుడు కౌన్సెలింగ్ పుస్తకాల కంటే పనికొచ్చేది ఆ పని జరిగే చోటును చూడడం. సెలవుల్లో కొన్ని రోజులు పరిశోధన స్థానం ప్లాట్లలోనో, శిల్పశాలలోనో, బియ్యం మిల్లులోనో, గ్రామ సచివాలయంలోనో గడిపి, అక్కడ అయిదేళ్లుగా పనిచేస్తున్నవారిని రోజు ఎలా గడుస్తుందో అడిగితే, బయటి నుంచి కనిపించే హోదాకూ లోపలి పనికీ ఉన్న తేడా తెలుస్తుంది. తల్లిదండ్రులు కూడా పక్కింటి పిల్లవాడి ప్యాకేజీతో పోల్చడం మాని, అదే ప్రశ్నలు అడగడం మంచిది.

పనిలో చేరాక ప్రతి రెండు మూడేళ్లకు ఒకసారి తనను తాను పరీక్షించుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు: చేరినప్పుడు చేతకాని ఏ పని ఇప్పుడు చేతనవుతోంది, దానివల్ల ఎవరికి ఏ మేలు జరుగుతోంది, దానితో ఇల్లు గౌరవంగా గడుస్తోందా. మూడింటికీ తృప్తినిచ్చే జవాబు వస్తే ఆ పని ఆళ్లగడ్డలో ఉన్నా అమెరికాలో ఉన్నా సార్థకమైనదే. ఒక్కదానికి అలాంటి జవాబు రాకపోతే ఉన్న చోటే మార్పు కోసం ప్రయత్నించాలి, రెండింటికి రాకపోతే చోటు మార్చడానికి సిద్ధపడాలి. అప్పటిదాకా సంపాదించిన నేర్పు ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది గనుక, ఆ మార్పును ఓటమిగా లెక్కించనక్కర్లేదు.